దోమల పెట్టె పక్కన కార్డు

ఆదివారం, మార్చి 9

పూజ్యులైన మేనత్తగారికి,

మీ మేనకోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నాన్న దగ్గు తగ్గింది. మీరు వదిలేసి వెళ్ళిన గొడుగు అమ్మ ఆరబెట్టి దాచింది. నాకే శుక్రవారం నుంచి ముద్ద దిగడం లేదు.

ఆ రోజు మా మ్యూజియంలో "చరిత్ర మరిచిన స్త్రీలు" గది తెరుస్తున్నామని మీరు రెండు బస్సులు మారి వచ్చారు. మూడో అద్దాల బీరువాలో మీ దోమల పెట్టె ఉంది. చెక్క చట్రం, చుట్టూ పల్చని గుడ్డ, ఒక పక్క చెయ్యి పట్టేంత కన్నం. పక్కన నేను రాసిన కార్డు. మీరు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. అందులో మలేరియా జ్వరానికి మందు కనిపెట్టిన డాక్టరుగారి పేరుంది, ఆయన డిగ్రీలున్నాయి. చివరి వాక్యం, దోమలకు తన రక్తమే ఆహారంగా ఇచ్చిన సహాయకురాలి పేరు తెలియదు అని.

అక్షరాలు పెద్దగా బాగున్నాయే అమ్మడూ, అన్నారు మీరు. అంతే. అప్పుడే మా పెద్ద మేడం వచ్చి ఈవిడెవరని అడిగారు. మా వీధిలో ఉంటారండీ అన్నాను. మీరు విన్నారు. విననట్టు పక్క బీరువా వైపు నడిచారు.

నాకు తెలియనిదేముంది అత్తయ్యా? పదకొండేళ్ళు, రోజూ పొద్దున్న ఆరింటికి, పావుగంట సేపు ఆ కన్నంలో ఎడమ చెయ్యి పెట్టి కూర్చున్నారు. ఆ దోమలు బతికితేనే మందు పరీక్ష సాగేది. సబ్బు వాసనకి అవి మొహం తిప్పుకుంటాయని ఆ చేతికి సబ్బే మానేశారు. పెట్టె మీద తడిగుడ్డ కప్పితే ఎక్కువ రోజులుంటాయని కనిపెట్టింది మీరే. డాక్టరుగారి పుస్తకంలో "గమనించడమైనది" అని ఉంది. గమనించిందెవరో లేదు. నానమ్మ పెళ్ళి మాటెత్తితే, ఇంత సంతానాన్ని సాకుతున్నాను, మధ్యలో మొగుడొకడా అనేవారట.

ఈ కథలన్నీ ఇంట్లో అడిగి అడిగి చెప్పించుకున్నాను. కాన్వెంటు బడిలో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు సిస్టర్ మీ చేతి మీది మచ్చలు చూసి ఏమైందని అడిగితే, ఏదో చర్మవ్యాధి అన్నాను. ఆ వారమంతా నా బెంచీలో ఎవరూ కూర్చోలేదు. తగిన శాస్తే.

కార్డు సంగతి చెప్పాలి. మా దగ్గర ఒక నియమం ఉంది. కాగితం మీద సాక్ష్యం లేనిదే ఎవరి పేరూ రాయకూడదు, నోటిమాట చెల్లదు. సిబ్బంది పట్టికలో మీ చోట "స్త్రీ, ఒకరు" అని మాత్రమే ఉంది. నేనేం చెయ్యగలను? పెద్ద మనసుతో మన్నించండి.

మీ
పుస్తకాల పురుగు

తా.క. సోమవారం, మధ్యాహ్నం. అంటించిన కవరు మళ్ళీ చింపాను. నియమం నిజమే. కాగితం లేదన్నది అబద్ధం. జనవరిలో డాక్టరుగారి లాబొరేటరీ సామాను సర్దుతుంటే మీ నోటుబుక్కులు దొరికాయి. రోజుకో వరుస. తేదీ, టైము, తాగినవెన్ని, చచ్చినవెన్ని, చివర మీ సంతకం. పదకొండేళ్ళూ ఉన్నాయి. తీసి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు. ప్రొఫెసర్ల కూతుళ్ళు పనిచేసే ఆఫీసులో, దోమలకు చెయ్యి అప్పగించినావిడ మా అత్త అని తెలిస్తే చులకనైపోతానని భయపడ్డాను.

ఇవాళ పొద్దున్న అవన్నీ తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టాను. ఎక్కడివని అడిగారు. నా సొరుగులోవి అన్నాను. ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పారు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత ఖాళీ కార్డు ఒకటి తీసుకుని, సంతకంలో పొడి అక్షరాలే ఉన్నాయి, పూర్తి పేరు తెలుసా అని అడిగారు. మన ఇంటిపేరుతో మొదలుపెట్టి చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి, తలెత్తి నా మొహంలోకి చూశారు.