మట్టిలో కలిపిన చెక్కపేళ్లు

ఆదివారం, అద్దంకి

మధ్యాహ్నం గుత్తివంకాయ కూర నోట్లో పెట్టుకోగానే ఆయన, "వెన్నలా కరిగిపోతోందే! మస్తాన్‌బీ వాళ్ళ పెరటివేనా?" అన్నారు. వండింది నేను. పేరేమో పక్కింటావిడకి!

ఎండలు ముదరకముందే ఆవిడ కోత మిల్లులో దుంగలు చెక్కితే రాలిన పేళ్లు బస్తాలకెత్తించి తెచ్చి, వంగ మొక్కల చుట్టూ పరిచింది. మన నల్లరేగడి ఎండకి నెర్రెలు విచ్చుతుంది గదా, ఆవిడ మడిలో మాత్రం వేలు పెడితే చల్లగా దిగుతోంది. చూసి ఉండబట్టక నేనూ తెప్పించాను. పైన పరిస్తేనే ఇంత కాపుంటే లోపల కలిపితే రెండింతలు కాయదా అనుకుని, పశువుల ఎరువు కలిపినట్టు పారతో తిరగేసి కలిపేశాను. ఆవిడని అడగడానికి మనసొప్పలేదు. ఇప్పుడు నా మొక్కలన్నీ పసుపు పూసుకున్నట్టున్నాయి.

సాయంత్రం గోడ మీంచి చూడనే చూసింది.

"అయ్యో అక్కా, లోపల కలిపేశారా? చెక్క కుళ్ళిందాకా మట్టిలో బలమంతా అదే లాగేసుకుంటది. పైనే పరవాలి. నన్నొక్క మాట అడగొద్దా?"

ఆవిడ మొహంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. కనబడలేదు. కనబడి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

రేపు ఆ పేళ్లన్నీ ఏరి పైకి తీయాలి. ఆవిడని మాత్రం పిలవను. పిలవకపోయినా వస్తుంది. వస్తూ వస్తూ వంకాయలు కూడా తెస్తుంది.

నా కడుపుమంట అదే.