పసుపు మట్టి కాదు

శుక్రవారం రాత్రి, డబ్లిన్, కాలిఫోర్నియా

వదిన బండి వచ్చేసింది! అన్నయ్య వద్దంటున్నా వినకుండా ఓడలో తెప్పించుకున్న మోటార్‌సైకిల్ ఇప్పుడు మా కారు పక్కనే, ఏపీ నంబర్ ప్లేటుతో నిలబడి ఉంది. ఇప్పటికి రెండుసార్లు కిటికీలోంచి చూసొచ్చాను.

బండికి పరాయి దేశపు మట్టి అంటుకుని ఉండకూడదని రూలు. వదిన చక్రాలు కూడా టూత్‌బ్రష్‌తో తోమి మరీ పంపింది. అయినా పోర్టులో ఆఫీసర్ హెడ్‌లైట్ కింద టార్చ్ వేసి, “ఇదేంటి, మట్టా?” అన్నాడు ఇంగ్లీషులో. బండిని వెనక్కి పంపేస్తారేమో అనుకున్నాను. వదిన మాత్రం తడుముకోకుండా, “నో సార్, టర్మరిక్! పూజ చేశాం. పప్పులో కూడా వేస్తాం!” అంది. ఆయన నవ్వేసి, గుడ్డతో తుడిచి, వెళ్ళమన్నాడు. ఇక్కడ అమ్మకూడదట, ఏడాదిలోపు దేశం దాటించాలట.

బయటికి రాగానే వదిన ఒకటే నవ్వు.

“బండికి ఏడాదంట, నాకేమో ఆరు నెలలే ఇచ్చారు! దీనికి ఇక్కడ మేనమామలెవరన్నా ఉన్నారంటావా?”

నాకూ నవ్వాగలేదు. నా వీసా ఎక్స్‌టెన్షన్ సంగతే ఇంకా తేలలేదు. నాకు ఎన్నాళ్ళిస్తారో… సరే, ఇవాళ ఆ గొడవ వద్దు.

ఇంటికొచ్చాక ఆఫీసర్ తుడిచిన చోటే మళ్ళీ పసుపు పెట్టాం. వేలికి ఇంకా కాస్త మిగిలింది. వదిన చూడకుండా నా పాస్‌పోర్ట్ కవరుకి నాలుగు మూలలా రాశాను, శుభలేఖకి రాసినట్టు.