సగంలో ఆగిన రీలు

ఆర్మూర్,
ఆదివారం.

వినోదకు గంగాదాస్ రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఉన్నది నేనొక్కడినే కదా! నేను క్షేమం, ఇల్లు క్షేమం. నువ్వు నాటి వెళ్లిన మల్లెతీగ గోడ దాటి పక్కింటివాళ్లకు పూలిస్తోంది. నువ్వూ, నువ్వు చూసుకునే ఆ పెద్దావిడా కువైట్‌లో బాగున్నారని అనుకుంటున్నాను.

వేల్పూర్ పోచన్న సెలవు అయిపోయి శుక్రవారం తిరిగి అక్కడికి వస్తున్నాడు. ఈ ఉత్తరం, పసుపు, చింతపండు, సకినాలు అతని పెట్టెలో పెట్టి పంపుతున్నాను. సకినాలు మీ అమ్మ చేసింది. అవి పొడి అయిపోతే తప్పు ఆమెది కాదు, పోచన్నది. ఫోన్లో మాట్లాడుతుంటే నీ వెనక ఎప్పుడూ ఎవరో పిలుస్తూ ఉంటారు. నేనూ "మంచిగనే ఉన్న" అనేసి పెట్టేస్తాను. "ఫోన్ల నువ్వు ఏం చెప్పవు, రాసి పంపు" అని పోయిన ఉత్తరంలో కోప్పడ్డావు. ఇదిగో, రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. వంటింటి మూలన స్లాబు కారడం ఆగింది. మీ అమ్మ భాగ్యవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పొద్దున వండిందే రాత్రికి. "నీ పాత కెమెరాలు నా బీరువాలకు జొర్రినయా?" అని కూడా అడిగావు. లేదు తల్లీ, నీ చీరల జోలికి పోలేదు. పప్పు డబ్బాల అరలో పెట్టాను. ఒక్కడి వంటకు అన్ని డబ్బాలు ఎందుకు? ఇప్పుడు కందిపప్పు ఉండాల్సిన చోట ఒక రష్యా కెమెరా కూర్చుని ఉంది.

ఇంకో ప్రశ్న కూడా అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను.

ఈ కెమెరాల పిచ్చి నీకు అర్థం కాదని తెలుసు. కానీ మన దిక్కు ఏ ఇంట్లో చూసినా పెట్టె అడుగున ఒకటి ఉంటుంది వినోదా. ఒకప్పుడు దుబాయ్, సౌదీ పోయినవాళ్లు సెలవుకు వస్తూ తెచ్చినవి. ఇంట్లోవాళ్లను నిలబెట్టి ఫోటోలు దించేవాళ్లు, రీలు జేబులో వేసుకుని వెనక్కి పోయేవాళ్లు. అక్కడే కడిగించుకుని, మంచం పక్కన గోడకు అంటించుకునేవాళ్లు. అందుకే మన ఇళ్లలో కెమెరాలు మిగిలాయి, ఫోటోలు మిగలలేదు. నేను అద్దం చుట్టూ ఉన్న రాత చూసి, బరువు చూసి, మీట నొక్కితే వచ్చే చప్పుడు విని అది ఏ కెమెరానో, ఏ కాలందో చెప్తాను. ఈ సంగతి ఊరంతా పాకింది. అడ్తి దుకాణంలో పసుపు నాణ్యం చూసి ధర కట్టే మనిషికి ఈ విద్య ఎక్కడిదని మా సేటు నవ్వుతాడు కానీ, ఆయన కూడా వాళ్ల నాన్న కెమెరా తెచ్చి చూపించుకున్నాడు.

పోయిన నెల పెర్కిట్ నుంచి హఫీజా చాచీ కబురు పంపింది. బషీర్ చాచా నీకు గుర్తుండే ఉంటాడు, మన ఇల్లు కట్టేటప్పుడు కిటికీల ఇనుము గురించి సలహా చెప్పిన ముసలాయన. జెద్దాలో వెల్డింగ్ పని చేసి చేసి, ఇప్పుడు పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. నేను వెళ్లేసరికి చాచా మసీదుకు పోయి ఉన్నాడు. చాచీ దుపట్టాలో చుట్టిన కెమెరా మంచం మీద పెట్టింది.

"జర కూసో బేటా. చాయ్ తాగినంక అసల్ ముచ్చట చెప్త" అని లోపలికి పోయింది.

అది యాషికా. గుమ్మంలోంచే గుర్తుపట్టాను. అయినా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. తిప్పి, వెనక తలుపు తెరిచాను.

తెరిచే ముందు చూడాల్సింది ఒకటుంటుంది. ఎడమ పక్క చిన్న పిడిని మెల్లగా తిప్పితే, బిగువుగా ఉంటే లోపల రీలు ఉన్నట్టు. నాకు బాగా తెలిసిన సంగతే. కానీ ఏళ్ల తరబడి పసుపు కొమ్ము చేతికి రాగానే విరిచి లోపలి రంగు చూసిన వేళ్లు ఇవి. ఆగలేదు. తెరిచేసరికి లోపల గోధుమ రంగు రీలు, సగం ఇటు, సగం అటు. వెంటనే మూసేశాను. అప్పటికే చాచీ చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యో బేటా! రీల్ ఉంది దాంట్ల!"

వెలుగు తగిలితే రీలు పాడవుతుందని ఆమెకూ తెలుసు. కప్పులు కింద పెట్టి మంచం అంచున కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత చెప్పింది. పెళ్లయ్యాక మొదటి సెలవుకు చాచా ఆ కెమెరా తెచ్చాడట. ఉన్నన్నాళ్లూ ఆమెను ఒక్కదాన్నే దించాడు. "నువ్వు గూడ రా" అంటే, "మల్లొచ్చినప్పుడు ఇద్దరం దిగుదం, గవి ఆఖరికి పెడుదం" అన్నాడు. రీలు పూర్తి కాకుండా కడిగించడం దండగ అని కెమెరాలోనే ఉంచేసి పోయాడు. మళ్లీ వచ్చింది వాళ్ల నాన్న పోయినప్పుడు. చావింట్లో ఫోటోలేంటని తీయలేదు. ఆ తర్వాత ఒక కాంట్రాక్టు, ఇంకో కాంట్రాక్టు. చివరికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, కెమెరా పెట్టె అడుగుకు పోయింది. ఇప్పుడు మనిషి పూర్తిగా ఇంటికి వచ్చాడు కదా, ఆ రీల్లో మిగిలినవాటిలో ఇద్దరినీ దించమని అడగడానికే నన్ను పిలిచింది.

ఆ రోజు కెమెరాను నాతో ఇంటికి తెచ్చాను. రీలును వెనక్కి చుట్టి, హైదరాబాద్‌లో పాత రీళ్లు కడిగే ఒకాయనకు పంపాను. ఆశ పెట్టుకోవద్దన్నాడు. చివర తీసినవి పై చుట్టల్లో ఉంటాయి, వాటిని వెలుగు తినేసింది. మొదట తీసినవి లోపలి చుట్టల్లో ఉండి, మసకగానైనా కొన్ని బతికాయి. అవి పట్టుకుని మళ్లీ పెర్కిట్ పోయాను.

చాచా కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటీ చూశాడు. పొయ్యి ముందు చాచీ, బోరింగ్ దగ్గర చాచీ, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్న చాచీ. అన్నింట్లో ఒక్కతే. ఒకదాంట్లో మాత్రం, ఎండ చాచా వెనక నుంచి పడిందేమో, ఆమె కాళ్ల దగ్గర నేల మీద ఆయన నీడ ఉంది. చాచీ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది.

"గిదొక్కదాంట్లనే ఇద్దరం ఉన్నం" అంది.

చాచా మిగతావి సర్ది మంచం మీద పెట్టాడు. తర్వాత నన్ను అడిగాడు. "నీ ఇంటిది ఎప్పుడొస్తది బేటా?"

"ఇంకో రెండేండ్లు చాచా. మల్ల కాంట్రాక్ట్ చేస్తున్నరు."

"నేను గూడ గట్లనే అన్న" అన్నాడు. అంతే.

వినోదా, ఇప్పుడు అసలు సంగతి. చాచీ ఇంట్లో ఆ కెమెరా తెరవాల్సిన పనే లేదు. అది ఏదో నాకు గుమ్మంలోనే తెలుసని రాశాను కదా. ఏ ఇంట్లోనైనా అంతే, నిమిషంలో చెప్పేయగలను. చెప్పను. చెప్పేస్తే లేచి రావాలి. "జర చూడాలె, గమ్మత్తుగుంది గిది" అంటూ తిప్పుతూ కూర్చుంటాను. వాళ్లు చాయ్ పోస్తారు, కోడళ్ల సంగతులు చెప్తారు, పిల్లలు మీద పడి అడుగుతారు. ఇంకొంతసేపు ఒకరి ఇంట్లో మాటల మధ్య ఉండొచ్చని చేసే నాటకం అది. ఆ రోజూ అందుకే తెరిచాను. చాచీ దాచుకున్న బొమ్మలను పాడు చేసింది నా చేతి అలవాటు ఒక్కటే కాదు, మన ఇంటికి తిరిగి రాబుద్ధి కాని నా బతుకు కూడా. పిల్లాపాపా లేని ఇంట్లో, కట్టేదాకా నువ్వు అంత ఆశపడిన ఇంట్లో, తాళం తీసిన చప్పుడే నాకు పెద్దగా వినిపిస్తోంది.

నెలాఖరుకు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, నిజంగా ఉండమంటావా అని అడిగావు. ఫోన్లో "ఉండు, నాకేం ఫికర్ లేదు, నా కెమెరాలు నాకున్నయి" అన్నాను. అబద్ధం. మగవాడిని, ఎలా చెప్పుకోవాలో తెలియక అన్నాను. నువ్వు వచ్చాక ఇక్కడ ఏం చేద్దామో నాకూ తెలియదు. అది ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. ఒక్కడినీ ఆలోచించి విసిగిపోయాను.

చాచా కెమెరాలో కొత్త రీలు ఎక్కించాను. వాకిట్లో రెండు కుర్చీలు వేసి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మొదటిది దించాను. చాచా బిర్రుగా బిగుసుకుని కూర్చున్నాడు, చాచీ ఆయన కాలరు సర్దింది. ఇంకొకటి దించుతానంటే చేయి అడ్డం పెట్టి, కెమెరా నా చేతిలోనే ఉంచేసింది.

"మాకు గిదొక్కటి చాలు. మిగిలినయి మీ ఇద్దరియి" అంది.

ఆ కెమెరాను పప్పు డబ్బాల అరలో పెట్టలేదు. గుమ్మం పక్కన మేకుకు, నువ్వు వస్తే చేతికి అందేలా వేలాడదీశాను. దాన్ని మళ్లీ వచ్చే సెలవు దాకా ఉంచలేను వినోదా. సంతకం పెట్టకు. వచ్చెయ్.

ఇట్లు,
నీ కోసం గుమ్మంలో ఉన్న
నీ ఇంటాయన,
గంగాదాస్