కొట్రేశ్ గొడ్డలి

నాయనా, నేను బాగుండా, దిగులుపడొద్దు. ఈడ సండూరు అడవి క్యాంపులో సిగ్నల్ లేదు, అందుకే కార్డు రాస్తాండా.

నిన్న దారికడ్డం పడిన చెట్టు నరుకుతాంటే నా కొత్త చిన్న గొడ్డలి కామ విరిగి సగం నా చేతిలోనే మిగిలింది. గొడ్డలి తల ఎగిరి కొట్రేశ్ కాలి పక్కనే పడింది. వాడూ నా మాదిరి అడవి కాసే వాచరే. వాని గొడ్డలికి నాలుగు దెబ్బల్లోనే ఆ చెట్టు కొమ్మ తెగింది. మా ఫారెస్టు ఆఫీసరు సాహేబరు వాన్నే మెచ్చుకున్యాడు. నాకు కడుపు మండింది.

"మెరుపు చూసి కొన్యావప్పా. కామలో నార అడ్డంగా పోయింది, అది నువ్వు చూసుకోలేదు" అని వాడు తన గొడ్డలి నా చేతికిచ్చినాడు. చేతిలో ఎంత బాగా కుదిరిందో! దాంతో ఇంకా మండింది.

నార నిలువుగా ఉండే తుమ్మ కట్టెతో కామ చెక్కి బస్సులో పంపు. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? హొన్నూరమ్మత్తకు దండాలు చెప్పు. కొట్రేశ్‌కూ ఒక కామ చెక్కు నాయనా, కానీ నాదే బాగుండాల.

నీ కొడుకు,
పరశురామ్