చీటీ రాయని సీసా

3-11-57, నంద్యాల
మామ పొద్దుటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి వచ్చి, కాలేజీ ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. "ఆడపిల్లప్పా. సుశీల బాగుండాది." చేతిలో ఈగలకు మత్తిచ్చే ఈథర్ సీసా ఉందన్న సంగతే మరిచాను. నాకు కూతురు!

5-11
మద్రాసు నుంచి గురువుగారి జాబు. నా ఏడో సీసాలో పుట్టిన నల్లరంగు పండుఈగలకు నేను పెట్టిన 'బొగ్గు' అన్న పేరు కొట్టేశారు. కనిపించే లోపాన్ని బట్టే జన్యువుకు పేరు... అంతవరకు నాది సరే. కానీ కొత్తదని తేలేదాకా పేరు పెట్టకూడదట. పాత నల్ల రకం, ఎబొనీ, పంపారు. రెంటినీ కలిపి చూడాలి. పిల్లలు మామూలు రంగులో వస్తే నాది కొత్తది, పేరు నా ఇష్టం. నల్లగా వస్తే పాతదే, పేరూ పాతదే.
బొగ్గు చీటీ చింపి ఖాళీ చీటీ అంటించాను.

8-11, ఆళ్లగడ్డ
పురుడు తీరలేదని అత్త గొణుగుతున్నా పాపను ఒళ్లో వేసుకున్నాను. ఎంత తేలికో! పిడికిలి విప్పదు. పదకొండో నాడు, అంటే పదమూడున, పేరు పెడతారట. నేననుకున్న పేరు ఎవరికీ చెప్పలేదు. సుశీలకు కూడా.

12-11, నంద్యాల
ఎబొనీ పురుగుల గూళ్లు నల్లబడ్డాయి. రేపు తెల్లవారేసరికి ఈగలు బయటికొస్తాయి. ఆడవాటిని ఎనిమిది గంటల్లో వేరు చేయాలి — లేకుంటే తోటి మగవాటితో కలుస్తాయి, పరీక్ష పాడవుతుంది.
రేపే పేరు పెట్టే రోజు.
పురుగులకు పేరు పెట్టే పనుంది, పాపకు పేరు పుట్టిన ఇరవై ఒకటో నాటికి మార్చండని రాసి బస్సు కండక్టరు చేతికిచ్చాను. పది రోజులే కదా.

13-11
పని బాగా జరిగింది. ఎబొనీ ఆడవాటిని నా ఏడో సీసా మగ ఈగలతో కలిపాను.

19-11, ఆళ్లగడ్డ
పాప పోయింది. రెండు రోజుల జ్వరం. నేను చేరేసరికి చేను గట్టున పూడ్చి వచ్చేశారు.
"పేరు లేని బిడ్డకు కర్మలేముంటాయప్పా," అన్నాడు మామ. కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చాడు.

20-11
సుశీల గోడవైపు తిరిగే అడిగింది. "పురుగులకు పేరు పెట్టే పనుండాదని రాస్తివే. పెడితివా?"


26-11, నంద్యాల
పిల్లలు వచ్చాయి. అన్నీ నల్లవే. మామూలు రంగుది ఒక్కటీ లేదు. పాత జన్యువే. నాది కాదు.
ఇంకొకటి రాయాలి. ఈ పేజీకైనా అబద్ధం చెప్పకూడదు. పద్నాలుగునా ఈగలు పుట్టాయి. పదిహేనునా పుట్టాయి. పుడతాయని నాకు ముందే తెలుసు. పదమూడున వచ్చినవాటిని వదిలేసి ఆళ్లగడ్డకు పోయుండొచ్చు. ఛీ, నేనూ ఒక తండ్రినేనా!

1-12, ఆళ్లగడ్డ
సుశీల దగ్గర ధైర్యం చేసి మొదలుపెట్టాను — "నేననుకున్న పేరు..."
"నాకొద్దు. పదహారు దినాలు నేనొక పేరుతో పిల్చుకున్నా. పిలిస్తే తిరిగి చూసేది."
"ఏం పేరు?"
"చెప్పను. చెప్తే యాడన్నా రాసుకుంటావ్."

2-12, నంద్యాల
ఏడో సీసా మీద ఎబొనీ అని రాయాలి. రాయలేదు.
బస్సులో శిరివెళ్ల దాకా ఒక్కో పేరే పెదవుల మీద అనుకుంటూ వచ్చాను. లక్ష్మి... సరోజ... రత్న... పక్కనున్న ముసలాయన ఎవరిని పిలుస్తాండావప్పా అన్నాడు.
ఏ పేరుకు తిరిగి చూసేదో.