గుర్రం గెలిచిన ఆట

గౌరవనీయులైన మాస్టారికి,
మీతో పోస్టులో చదరంగం ఆడుతున్న లారీ డ్రైవరుగారి భార్యను. ఆయన లోడుతో వెళ్ళారు, ఇంకా రాలేదు. మీ కార్డుకు రేపటిలోగా జవాబు పంపకపోతే ఓడినట్టేనట. ఈ ఆట కూడా పోతే చదరంగం సంఘం జాబితాలోంచి ఆయన పేరు కొట్టేస్తారు. అందుకని భయపడుతూనే నేనే ఎత్తు వేశాను. మూలనున్న గుర్రానికి ఊపిరాడనట్టు కనిపించి బయటికి తీశాను. తప్పయితే మన్నించండి.
ఇట్లు,
ఆయన భార్య
తా.క.: నేను చదివింది ఐదో తరగతి.

అమ్మాయీ,
నా రేటింగు రెండువేల నలభై, మీ ఆయనది పన్నెండు వందలు. అయినా ఆ గుర్రాన్ని చూస్తూ నాలుగు రోజులు కాఫీ చల్లార్చుకున్నాను. ఇది తెలియనివాళ్ళు వేసే ఎత్తు కాదు. మీ ఆయన పక్కనే కూర్చుని నీచేత రాయిస్తున్నాడు. నా మంత్రిని ముందుకు జరిపాను.
ఆశీస్సులతో,
మాస్టారు
తా.క.: ఐదో తరగతి అన్నది మరీ అతిగా ఉంది.

మాస్టారికి నమస్కారాలు.
ఒట్టు, ఆయన ఇంట్లో లేరు. ఓడినా సరే గానీ, మీరు నన్ను అబద్ధాలకోరు అనుకుంటే తట్టుకోలేను. అందుకే దాచకుండా చెబుతున్నాను. వెళ్ళేముందు ఆయన బూట్లు తొడుక్కుంటూ, "ఆ చివరి ఏనుగును మాస్టారు ఒక్క గడి జరిపారా, మన పని అయిపోయినట్టే" అన్నారు. అదే జరపండి.
ఇట్లు,
మీ కూతురులాంటిది
తా.క.: మళ్ళీ గుర్రాన్నే వేశాను. మిగతావి ఎటు వెళతాయో నాకు సరిగా తెలియదు.

అమ్మాయీ,
ఉచ్చు ఎక్కడుందో చూపించి మరీ రమ్మంటావా? ముగ్గురు శిష్యులతో కూర్చుని, ఏనుగును చచ్చినా కదపకూడదని తేల్చాను. బంటును తోశాను.
ఇట్లు,
మోసపోని మాస్టారు

మాస్టారికి,
మీ మంత్రి నా గుర్రం గెంతే గడిలోనే ఉంది. అడగడానికి సిగ్గేసి తీసేసుకున్నాను.
ఇట్లు,
ఆయన భార్య
తా.క.: ఏనుగును జరపమని చెప్పాను కదండీ.

అమ్మాయీ,
ఓడిపోయాను. ఏనుగు దగ్గర ఉచ్చు వెతుకుతూ నా మంత్రిని చూసుకోలేదు. ఏనుగును జరిపి ఉంటే మూడెత్తుల్లో గెలిచేవాణ్ణి. ఎత్తులు వేసింది నువ్వేనని ఇప్పటికి నమ్మి, సంఘానికి అదే రాశాను. గడువులోగా మీ ఆయన ఎత్తు వేయనట్టేనని వాళ్ళు ఆయన పేరు కొట్టేసి, అక్కడ నీ పేరు రాశారు.
ఇట్లు,
మాస్టారు
తా.క.: నా శిష్యులు ఇప్పుడు నీ శిష్యులవుతామంటున్నారు.

మాస్టారికి నమస్కారాలు.
ఆయన వచ్చారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, అన్నం కంచం పక్కకు జరిపేశారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత చదరంగం బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని, మెల్లగా, "నాకూ నేర్పు" అన్నారు.
ఇట్లు,
సంఘం సభ్యురాలు
తా.క.: నాకేమీ రాదంటే ఆయనా నమ్మడం లేదు.