మిల్లు సేటు ఒళ్లె పిల్లలు

ఏమయ్యా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదాయె. పొద్దటి సంది నీకొక ముచ్చట చెప్పాలని ఉంది. ఇన్నేండ్లు హమాలీ సంఘం లీడరు పెండ్లాన్నని పేరే గని, నాకు సంఘం సంగతులు ఏం తెల్వయి గద.

మొన్న గద్వాలల మేం పల్లీలు ఏరే మిల్లు సేటు, "రేపటి నుంచి చంటిపిల్లల్ని తేవద్దు, పని పాడైతుంది" అన్నడు. పాలు తాగే పిల్లల్ని ఇడిసి తల్లులు ఎట్లొస్తరు? నాకు రోషమొచ్చింది. చంకల ఉన్న మన మనుమరాలిని తీస్కపోయి సేటు ఒళ్లె కూసోబెట్టిన.

"గట్లయితె జర నువ్వే చూడు సేటూ!"

నన్ను జూసి ఆడోళ్లంత తమ పిల్లల్ని ఆయన ముంగటనే దించిండ్రు. ఒకడు సేటు కొత్త సెల్‌ఫోను నోట్ల పెట్టుకున్నడు. మన పిల్ల తెల్ల ధోతి తడిపింది. సేటు పరేషానై, "తల్లీ, ఏం కావాలె నీకు?" అని మొత్తుకున్నడు.

"నీడకు రేకుల షెడ్డు, పిల్లలకు ఉయ్యాలలు."

అప్పుడే ఒప్పుకున్నడు. నిన్న షెడ్డేసిండ్రు.

ఇయ్యాల ఆడోళ్లు సంఘం పెట్టి నన్నే లీడరును చేసిండ్రు. "లీడరు జిందాబాద్" అని అందరు ఒర్రుతుంటె, నువ్వొచ్చినవేమోనని ఎన్కకు తిరిగి చూసిన.